సెత్తిమియో బాబాయ్ చూపించని జలపాతం

సెత్తిమియో బాబాయ్ ఏడేళ్ళుగా ప్రతి గురువారం పదహారు మందిని బస్సెక్కించుకుని మార్మొరె జలపాతం చూపించడానికి తీసుకెళ్తున్నాడు. ఈ ఏడేళ్ళలో ఒక్కరంటే ఒక్కరికి కూడా నీళ్ళు చూపించలేదు.

ఆయన్ని తిట్టుకునే ముందు మా జలపాతం సంగతి వినాలి. మా జలపాతాన్ని కుళాయిలా తిప్పుతారు, కడతారు. అప్పుడెప్పుడో రోమన్లు కాలవ తవ్వి నదిని కొండ మీంచి దూకించారు. ఇప్పుడు ఆ నీళ్ళతో కరెంటు తీస్తున్నారు కాబట్టి, చూసేవాళ్ళ కోసం పన్నెండింటికి సైరన్ కొట్టి వదులుతారు, ఒంటిగంటకి కట్టేస్తారు. మళ్ళీ నాలుగింటికే. బాబాయ్ బస్సు సరిగ్గా ఒంటిగంటా పదినిమిషాలకి వచ్చి ఆగుతుంది. అందరూ కెమెరాలు సవరించుకుంటూ దిగుతారు. ఎదురుగా నూట అరవై అయిదు మీటర్ల తడి బండ!

"నీళ్ళేవీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"ఇప్పుడే వెళ్ళిపోయాయి," అంటాడు బాబాయ్, చుట్టాన్ని రైలెక్కించి వచ్చినవాడిలా నిట్టూరుస్తూ.

"మీరే ఆలస్యంగా తీసుకొచ్చారు!"

"నేనా? నేను నా టైముకే వచ్చాను. నీళ్ళే తొందరపడ్డాయి."

నేను పెరూజాలో కళాచరిత్ర చదివాను. ఆ చదువుకి మా ఉంబ్రియా ప్రాంతంలో బస్సులో మైకు పట్టుకోవడం తప్ప వేరే ఉద్యోగం లేదని తెలియడానికి సరిగ్గా ఆరు నెలలు పట్టింది. అలా బాబాయ్ బస్సులో చేరాను. ఆయన మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. అరవై మూడేళ్ళు, పెద్ద మీసం, ఎండైనా వానైనా తల మీద అదే గోధుమరంగు టోపీ.

స్పొలేతో నుంచి జలపాతానికి ఎంత నెమ్మదిగా తోలినా గంటలో వెళ్ళిపోవచ్చు. మేం తొమ్మిదిన్నరకి బయల్దేరేవాళ్ళం. గంట ప్రయాణాన్ని మూడు గంటల నలభై నిమిషాలకి సాగదీయడం ఎవరు పడితే వాళ్ళు చేయగలిగే పని కాదు. దానికి ప్రతిభ కావాలి, సాధన కావాలి.

మొదటి ఆగడం దారి అడగడానికి. ఆ లోయలో పుట్టి, అదే రోడ్డు మీద నలభై ఏళ్ళుగా బండి తోలుతున్న మనిషి, దారిలో ఓ ఊరి మొదట్లో బల్ల మీద ఎండ కాచుకుంటున్న ఇద్దరు ముసలాళ్ళ ముందు బస్సాపి తల బయటపెట్టేవాడు.

"ఏమయ్యా, మార్మొరెకి ఇటేనా?"

"నీకేమైనా మతి పోయిందా సెత్తిమియో? మొన్న నా మందులు అటు నుంచే కదా తెచ్చావు!" అనేవాడు వాళ్ళలో పొడుగాయన ఎర్కొలీనో.

"మొన్నటి దారి మొన్నటిది. ఇవాళ మార్చేశారేమో!"

అంతే. ఎర్కొలీనో కొత్త రోడ్డు అనేవాడు, పక్కనున్న పొట్టాయన పాత వంతెన అనేవాడు. ఇద్దరూ లేచి చేతులు గాల్లో తిప్పుతూ దెబ్బలాడుకునేవాళ్ళు. బస్సులో వాళ్ళు ఇది కూడా యాత్రలో భాగమే కాబోలనుకుని వీడియోలు తీసుకునేవాళ్ళు. పావుతక్కువ గంట హరీ!

తర్వాత స్కెజ్జీనో దగ్గర చేపలు. ఏటినీళ్ళు అద్దంలా ఉంటాయి, అందులో ఒక చేప ఎదురీదుతూ కదలకుండా నిలబడి ఉంటుంది. "ఆ చేప మనవైపు తల తిప్పేదాకా ఎవరూ కదలకండి, మహా అదృష్టం," అనేవాడు. ఆ చేపకీ ఆయనకీ ఏదో ఒప్పందం ఉండి ఉండాలి. ఎంతకీ తిప్పేది కాదు.

ఆ తర్వాత ఫెరెంతిల్లో. అక్కడ లోయకి ఇటో కొండ, అటో కొండ, వాటి మీద ఎదురెదురుగా రెండు కోటలు. బాబాయ్ బస్సుని నిలువునా రెండుగా చీల్చి, కుడివైపు కూర్చున్నవాళ్ళకి ఒక కోట, ఎడమవైపు వాళ్ళకి ఇంకో కోట పంచేసేవాడు. "మీ కోట ఎందుకు గొప్పదో చెప్పండి, చూద్దాం!" ఒకసారి పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయిన జర్మన్ దంపతులు చెరోవైపు కూర్చుని, దిగేటప్పుడు మాట్లాడుకోకుండా దిగారు.

చివరగా గొర్రెలు. రోడ్డు పక్కన మైదానంలో మేస్తుంటే చాలు, బాబాయ్ ఇంజను కట్టేసి టోపీ తీసేవాడు.

"అవి దాటడం లేదు బాబాయ్, మేస్తున్నాయి!"

"దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి పిల్లా. ఆలోచించేవాళ్ళని తొందరపెట్టకూడదు."

ఇదంతా అయ్యాక తడి బండ. తడి బండ అయ్యాక, ఏడవబోతున్న జనం వైపు తిరిగి బాబాయ్ బుర్ర గోక్కుంటూ అనేవాడు: "నాలుగింటిదాకా ఇక్కడ నిలబడి ఏం చేస్తారు గానీ, పైన మోంతెకూపో అని ఓ ఊరుంది. చెప్పుకోదగ్గదేం కాదు. నేనక్కడే పుట్టాను, అంతే దాని గొప్ప."

ఆ ఊళ్ళో ఉండేది పందొమ్మిది మంది. అందులో పదకొండుమంది డెబ్బై అయిదు దాటిన ఆడవాళ్ళు. బస్సు కొండెక్కి ఆగీఆగకముందే జెలిందా మామ్మ నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో ప్రత్యక్షం.

"మళ్ళీ తప్పించేశాడా ఈ దద్దమ్మ? అయ్యో, ముఖాలు చూడండి ఎలా వాడిపోయాయో! రండి, రండి. ఇంట్లో ఉన్నదేదో పెడతాను."

ఇంట్లో ఉన్నదేదో అంటే, చేత్తో తాళ్ళలా పేనిన పాస్తా, అడివి తోటకూర కాడల్లాంటి లేత కాడల కూర, పొయ్యిలో కాల్చిన గొర్రెపిల్ల మాంసం, పప్పు, సోంపు వేసిన బిస్కట్లు, ఎర్ర ద్రాక్షసారా. తిన్నవాళ్ళు తిన్నచోటే కుర్చీల్లో వెనక్కి వాలి గుర్రుపెట్టేవాళ్ళు. నాలుగింటి నీళ్ళు కూడా అలాగే పోయేవి. నేను మూడు నెలలు ఆ కంచాలు మోశాను. పదహారు మందికి చేత్తో పేనిన పాస్తా పదినిమిషాల్లో ఎలా తయారవుతోందని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. నా చదువు అలాంటిది.

తిన్నవాళ్ళు మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలు మా యజమాని కొర్రాది చదివేవాడు కాదు. ఫిర్యాదులు మాత్రం రెండేసి సార్లు చదివేవాడు. మా దగ్గర టై కట్టిన ప్రతివాడూ 'దొత్తోరే'నే, అంటే డాక్టరుగారే. ఈయన నిద్రలో కూడా టై కడతాడని వినికిడి. ఓ రోజు మా ఇద్దర్నీ పిలిపించాడు.

"రోటర్‌డామ్ నుంచి ఒకాయన రాశాడు. పదిహేను వందల కిలోమీటర్లు వచ్చి బండరాయి చూసి వెళ్ళానని! సెత్తిమియో, వచ్చే గురువారం నేనే బస్సులో కూర్చుంటాను. పన్నెండింటికి నా కళ్ళకి నీళ్ళు కనబడకపోతే, సాయంత్రం బస్సు తాళాలు నా బల్ల మీద పెట్టి వెళ్ళు."

"నాదేముంది దొత్తోరే. నీళ్ళు తొందరపడకుండా ఉంటే చాలు," అన్నాడు బాబాయ్. కానీ బయటికొచ్చాక టోపీ రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టుకున్నాడు. పింఛనుకి ఇంకా రెండేళ్ళుంది. ఆ వయసులో, ఆ పేరున్న డ్రైవర్ని ఇంకెవరు పెట్టుకుంటారు?

ఆయన ఉద్యోగం నేనే కాపాడాలని నిర్ణయించేసుకున్నాను. బుధవారం దారి పొడుగునా తిరిగాను.

"రేపు పొద్దున ఇంట్లోంచి బయటికి రాకు ఎర్కొలీనో తాతా."

"ఎందుకే? ఏమైనా కర్ఫ్యూనా?"

"బాబాయ్ ఉద్యోగం పోతుంది."

"అలా చెప్పు. అయితే రేపు నాకు జ్వరం. ఈ పొట్టోడికి కూడా జ్వరమే."

గొర్రెల కాపరిని బతిమాలి మందని కొండ అవతలికి తోలించాను.

గురువారం వచ్చింది. గంట ప్రయాణమే కాబట్టి ఆ రోజు బస్సు పావుతక్కువ పదకొండుకి బయల్దేరింది. దొత్తోరే ముందు సీట్లో గడియారం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఊరి మొదట్లో బాబాయ్ అలవాటుగా బ్రేకు వేసి, ఖాళీ బల్లని చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఎవరూ లేరే! మరి దారెలా తెలుస్తుంది?"

"నేను చెప్తాను. తిన్నగా పో."

"మరి చేప?"

"దానికి ఇవాళ సెలవు."

"కోటలు?"

"రెండూ గెలిచాయి బాబాయ్. పద!"

గొర్రెలు లేని మైదానాన్ని ఆయన జేబు కొట్టేయించుకున్నవాడిలా చూశాడు. పన్నెండుకి పదినిమిషాలుండగా జలపాతం ముందు దిగాం. సైరన్ మోగింది. కొండ అంచున ముందు తెల్లగా ఓ దారంలా కనబడింది, అంతలోనే కొండంతా విరుచుకుపడ్డట్టు నీళ్ళు దూకాయి. తుంపర్లు పొగలా లేచి అందర్నీ తడిపేశాయి. జనం కేకలు! దొత్తోరే టై పిండుకుంటూ చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు.

గర్వంగా బాబాయ్ వైపు తిరిగాను. ఆయన నీళ్ళకి వీపు పెట్టి నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని పైన మోంతెకూపో వైపు చూస్తున్నాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. నీళ్ళ హోరులో వినబడక స్పీకర్ పెట్టాడు.

"ఒరేయ్ సెత్తిమియో!" జెలిందా మామ్మ గొంతు జలపాతాన్ని మించిపోయింది. "గోడ మీంచి చూస్తే నీ బస్సు కనబడుతోంది! ఇంకా పన్నెండేగా అయింది! నీకు ఒంట్లో బావుందా?"

"బానే ఉన్నాను జెలిందా."

"బావుంటే టైముకెలా వచ్చావురా? ఇంకా పాస్తా ఆరలేదు. పక్కింటి ఆర్గియా తెల్లారి అయిదింటికి లేచి మాంసం పొయ్యిలో పెట్టింది. వాళ్ళు నీళ్ళు చూసేస్తే మరి..."

"ఇవాళ రారు. దొత్తోరే కింద హోటల్లో భోజనం చెప్పాడు. మీరు తినేయండి."

అటువైపు గరిటె గిన్నెలో పడేసిన చప్పుడు వినబడింది.

"సరేలే. మూతలు పెట్టేస్తాం," అని ఫోన్ పెట్టేసింది.

నా బుర్రలో అప్పటికి దీపం వెలిగింది. "బాబాయ్! నువ్వు కావాలనే..."

"అరవకు," అన్నాడు ఆయన. "మొదటిసారి కావాలని కాదు. ఏడేళ్ళ కిందట నిజంగానే టైరు పగిలింది. పదహారు మంది ఆకలితో ఊళ్ళో పడ్డారు. మొగుడు పోయాక జెలిందా పొయ్యి వెలిగించడమే మానేసింది. పాలల్లో రొట్టె ముంచుకుని నిలబడే తినేసేది. ఆర్గియాతో పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆ రోజు ఈవిడ దగ్గర గుడ్లున్నాయి, ఆవిడ దగ్గర పిండి ఉంది. మాట్లాడుకోక చస్తారా? ఉప్పు ఎక్కువైందని మొదలెట్టారు. ఇప్పుడు శుక్రవారం నుంచి మంగళవారం దాకా అయిపోయిన వంట గురించి కొట్టుకుంటారు, బుధవారం కాబోయే వంట గురించి. మొత్తం పదకొండుమందికీ వారమంతా తీరికే లేదు. డాక్టరు కూడా నెలకోసారి వస్తే చాలన్నాడు."

"మరి ఆ ఊరిని ప్రోగ్రాంలోనే పెట్టించొచ్చుగా?"

"అడిగాను. జెలిందా చీపురు తీసుకుంది. 'మాదేమైనా హోటలా? చిక్కుపడి ఆకలితో వచ్చినవాళ్ళకి పెడతాం గానీ, టైం చెప్పి వచ్చేవాళ్ళకి కాదు' అంది." బాబాయ్ టోపీ పెట్టుకున్నాడు. "చిక్కుపడ్డవాళ్ళని వారం వారం ఎక్కణ్ణించి తెస్తాం చెప్పు?"

నీళ్ళు కట్టేశారు. అందరూ తడి బట్టలతో బస్సెక్కారు. నేను మైకు తీసుకుని బాబాయ్ పక్కన నిలబడ్డాను. హోటలుకి కుడివైపు తిరగాలి.

"ఎడమవైపు తిప్పు," అన్నాను.

బాబాయ్ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, స్టీరింగు తిప్పేశాడు. నాలుగు మలుపులయ్యాక దొత్తోరే లేచాడు.

"హోటలు దారి ఇది కాదే?"

"కాదు దొత్తోరే. దారి తప్పించాను. బండి తిప్పుకోవడానికి ఇక్కడ చోటు లేదు, పై ఊరిదాకా వెళ్ళాల్సిందే."

"ఈ కాలం పిల్లలంతా ఇంతే దొత్తోరే," అన్నాడు బాబాయ్ అద్దంలోంచి జాలిగా చూస్తూ. "చదువులే గానీ దారులు తెలియవు."

జెలిందా మామ్మ పరిగెత్తుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "నీళ్ళు చూసేశారా?" అని అడిగింది అనుమానంగా.

"చూశామమ్మా," అన్నాడు దొత్తోరే. మామ్మ ముఖం వాడింది.

"కానీ దారి తప్పాం మామ్మా. అందరం తడిసిపోయాం, కడుపులు మాడిపోతున్నాయి," అన్నాను.

ఆ ముఖం వెలిగిన వెలుగు చూడాలి! "నువ్వు కూడా తయారయ్యావూ వీడి దగ్గర? రండి, రండి. ఒసేయ్ ఆర్గియా, మూతలు తియ్యి!"

దొత్తోరే కోటు, టై ఊడబీకి పొయ్యి దగ్గర ఆరేశారు. పోయిన తాతగారి ఆకుపచ్చ స్వెట్టరు తొడిగారు. అది మోకాళ్ళదాకా వచ్చింది. మూడో కంచం పాస్తా ముగించి ఆయన మూతి తుడుచుకున్నాడు.

"ఇంతమందికి ఇదంతా ఎప్పుడు పేనారమ్మా?"

"ఇప్పుడే," అంది జెలిందా మామ్మ.

"తెల్లారి అయిదింటికి," అంది ఆర్గియా మామ్మ, అదే క్షణంలో.

దొత్తోరే ఇద్దర్నీ చూశాడు, నన్ను చూశాడు, ఆఖరికి బాబాయ్‌ని చూశాడు. బాబాయ్ తన కంచంలో ఏదో పోయినట్టు వెతుక్కుంటున్నాడు.

"ఇది మన ప్రోగ్రాంలో..." అని మొదలెట్టబోయాడు దొత్తోరే. జెలిందా మామ్మ కళ్ళు చీపురు వైపు వెళ్ళాయి. టై లేకపోయినా ఆయన తెలివి ఆయన దగ్గరే ఉంది, మాట మింగేశాడు. స్వెట్టరు చేతులు పైకి మడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"సెత్తిమియో, నీళ్ళు చూపించావు. తాళాలు నీ దగ్గరే ఉంచుకో. వచ్చే గురువారం నుంచి కూడా పన్నెండింటికి నీళ్ళు చూపించాలి. ఆ తర్వాత నువ్వు దారి తప్పాలి. ఇది ఆర్డరు."

బాబాయ్ ఫోర్కు కింద పెట్టాడు. ఆయన మీసాలు వణికాయి. ఇంత అవమానం జన్మలో ఎరగడు.

"దారి తప్పడమా? నేనా? నలభై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద తోలుతున్నాను దొత్తోరే! కళ్ళకి గంతలు కట్టండి, తోలి చూపిస్తాను!"

బల్ల కింద జెలిందా మామ్మ తన్నిన తన్నుకి బల్లంతా ఊగి గ్లాసులు గలగలలాడాయి. బాబాయ్ పంటి బిగువున నొప్పి ఓర్చుకుని, మీసం దువ్వుకున్నాడు.

"సరే, అంత పెద్దవారు అడిగారు కాబట్టి ప్రయత్నిస్తాను," అన్నాడు. "మాట మాత్రం ఇవ్వలేను."