నల్ల బంపర్ మీద పాలిష్ రాయి

మా నాయన మొజాయిక్ నేలలకు పాలిష్ పట్టే పని చేసేవారు. అనంతపురం వైపు నుంచి బెంగళూరు చేరి, తొంభైల్లో ఈ నగరంలో లేచిన ఇళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు పోస్తూ, గరుకు రాయితో మొదలుపెట్టి సన్న రాయితో ముగించి, ముఖం కనిపించేంతగా నేలను మెరిపించేవారు. ఆ పని మీదనే నేను డిగ్రీ పూర్తి చేశాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. తరువాత ఇళ్లలోకి టైల్స్ వచ్చాయి. వాటికి పాలిష్ అక్కరలేదు. మేస్త్రీలు ఆయనను పిలవడం తగ్గించి, క్రమంగా మానేశారు. నాకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం దొరికి, ఎవరో వాడిన కారు ఒకటి కొనేనాటికి, ఆయన చాలాకాలంగా పనిలేక ఇంట్లోనే ఉంటున్నారు. పిలుపు ఇంకా వస్తుందన్న ఆశతో కాబోలు, రాళ్లను మాత్రం కడిగి ఆరబెట్టి ఉంచేవారు.

ఆ కారు బంపర్లకు రంగు వేయలేదు. నల్లని ప్లాస్టిక్, దానిపైన తోలుకు ఉండేటటువంటి సన్నని గరుకు. బెంగళూరులోనే ఫ్యాక్టరీల పేట అయిన పీణ్యలో మేమున్న సందు ఇరుకైనది. ఒక ఆదివారం నేను కారు వెనక్కి తీస్తుంటే నాయన వెనుక నిలబడి దారి చూపారు.

"రా, రా. ఇంగా తావుండాది. రా అబ్బయ్యా."

తావు లేదు. ఎదురింటి ప్రహరీగోడ బంపర్ మూలను గీరింది. నల్లని ప్లాస్టిక్ మీద తెల్లని గీతలు పడ్డాయి. నాయన వంగి వాటి మీద బొటనవేలు నడిపించారు.

"దీన్దేముండాది. నేను తీస్తా. రాయితో రుద్దితే పోని గీత యాడుండాది?"

ఆ ధీమా ఆయన గొంతులో విని ఎంతో కాలమైంది. మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి పని అయిపోయింది. అంచున సన్ననిది ఒకటి తప్ప గీతలు నిజంగానే పోయాయి. వాటితోపాటు ప్లాస్టిక్ మీది గరుకు కూడా పోయి, అరచేయి వెడల్పున ఒక బూడిద రంగు మచ్చ తేలింది.

"తడి ఆరనీ, తెలుస్తాది," అన్నారు నాయన.

తడి ఆరింది. మచ్చ మరింత తెల్లబడింది.

అమ్మ కొబ్బరి నూనె సీసా తెచ్చి, "నా జుట్టుకే చాలదంటే, ఇప్పుడు దీనికి గూడా తలంటల్లనా," అంటూనే దూదితో పూసింది. ఆ సాయంత్రం నల్లగా కనిపించింది. మరునాటికి పీణ్య దుమ్మంతా వచ్చి దానికే అంటుకుంది. బూటు పాలిష్ పూస్తే మొదటి వానకే కారిపోయింది.

తరువాతి ఆదివారం దగ్గరలోని షెడ్డుకు తీసుకువెళ్లాము. మెకానిక్ హిందూపురం వైపు మనిషి. మచ్చను చూసి నవ్వాడు.

"ఎవరప్పా ఇట్ల జేసింది, పగోడా?"

"మేమే," అన్నాను.

అతడు వేడిగాలి యంత్రం పట్టాడు. అంచున మిగిలిన ఒక సన్నని గీత నల్లబడి కలిసిపోయింది. మచ్చ కూడా నల్లబడింది గాని, వార్నిష్ పూసినట్టు మెరుస్తూ, మునుపటికంటే కొట్టవచ్చినట్టు కనిపించింది.

"గీతైతే వేడికి అణుగుతాది. ఈడ అచ్చులో పడిన గరుకే లేదు. దాన్ని నేను యాడ నుంచి తేవాల? కొత్త బంపర్ ఏసుకోండి."

నాయన వంగి మచ్చ అంచును బొటనవేలితో తడిమారు. "మిగతాదంతా గూడా రుద్ది, దీనికి సమం జేస్తే?"

అది ఆయన వృత్తి నేర్పిన న్యాయం. నేల ఒకచోట తేడాగా కనిపిస్తే, గది మొత్తం మళ్లీ పాలిష్ పట్టి ఆ తేడాను పోగొట్టేవారు. ఆ పద్ధతి ఆయనను ఎన్నడూ మోసగించలేదు.

"అప్పుడు ముందర బంపర్ గూడా రుద్దాల. ఆనెక తలుపులు. బండి అరిగిపోయి నువ్వొకనివే మిగుల్తావు తాతా," అన్నాడు మెకానిక్. నాయన కూడా నవ్వారు.

తిరిగి వస్తూ దారిలో ఒకే మాట అడిగారు.

"కొత్తది ఏస్తే దీన్నేం జేస్తారు?"

"పారేస్తారు నాయనా."

మరునాటి ఉదయం రాయి రుద్దుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. నాయన కారు వెనుక గోనెపట్టా పరచుకుని, పక్కన నీళ్ల చెంబు పెట్టుకుని కూర్చున్నారు. గీత పడిన మూలను వదిలి, ఏ దెబ్బా తగలని రెండవ కొస నుంచి మొదలుపెట్టారు. అప్పటికే జానెడు మేర తెల్లబడి ఉంది. దాని గరుకు ఇక తిరిగి రాదని నాకు తెలుసు. షెడ్డులో ఆయన నాతోపాటే నిలబడి అంతా చూశారు గనుక, ఆయనకు తెలియదని కూడా అనుకోలేను.

తల ఎత్తకుండానే అడిగారు. "ఆఫీసుకు బండి గావాల్నా?"

రాయి పట్టవలసిన బంపర్ ఇంకా చాలా ఉంది.

"వద్దు నాయనా. కంపెనీ బస్సుండాది."

ఆయన రాయిని నీళ్లలో ముంచారు. నేను సంచి భుజానికి తగిలించుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచాను.