టోపీ కింద రాట్నం

గద్వాల కచ్చేరి గుమాస్తా తిరుమలయ్య నెల తన్ఖా పద్దెనిమిది రూపాయలు. ఆ అంకె చెప్పినప్పుడల్లా అతని మెడ రెండంగుళాలు పెరుగుతుంది. భార్య జోగులమ్మ ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, పసిదాన్ని ఊపుతూ, సాలెవాళ్ల నూలు కూలికి రాట్నం మీద కండెలకు చుడుతుంది. ఆ కూలితో కొన్న పాల చాయ తాగుతూనే, "నౌకరి చేసెటోని ఇంట్ల రాట్నమేందే? ఇజ్జత్ పోతుంది!" అంటాడు తిరుమలయ్య.

ఈమధ్య కచ్చేరిలో రెండు నెలల తన్ఖా ఆగింది. అప్పుడే జోగులమ్మ, "నీ ఇజ్జత్ నిలవనీ," అని రాట్నం అటకెక్కించింది. మూడోనాటికి ఇంటికొచ్చే పాలు పసిదానికే సరిపోయాయి, చాయ లేదు. నాలుగోనాడు తిరుమలయ్య కచ్చేరి టోపీతోనే అటకెక్కి రాట్నం దించాడు.

"నేను తిప్పుత. జర తలుపెయ్యి."

జోగులమ్మ వీధి తలుపు బార్లా తెరిచింది.

"చీకట్ల నూలు తెగుతది. తెగితే కూలెవరిస్తరు, నీ టోపీనా?"