మెర్లిన్ బ్యాగులో అట్ట

చోడవరం బస్టాండు దగ్గర మణికి చిన్న కుట్టు దుకాణం ఉంది. ఆటో సీట్లకు కవర్లు, పిల్లలకు స్కూలు బ్యాగులు కుడతాడు. కుట్టు ఊడిందని అతని దగ్గరికి తిరిగొచ్చినవాడు లేడు. ఆ మాట ఎవరైనా అంటే మురిసిపోయేవాడు. కొంప ముంచింది ఆ మురిపెమే.

కూతురు మెర్లిన్ అనకాపల్లి అవతల బట్టల కంపెనీలో పని మానేసి, తండ్రి పక్కనే రెండో మిషను వేసుకుంది. సెలవొస్తే చాలు, విశాఖపట్నం కుర్రాళ్లు మన్యం కొండల మీద పడుతున్నారు కదా, వాళ్లకు తేలిక బ్యాగులు కుట్టాలని ఆమె పంతం. పారాచూట్ గుడ్డ తెచ్చి, కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి, చివరికి అరకిలో కూడా తూగని బ్యాగు తయారుచేసింది. ట్రెక్కింగులు నడిపే దిలీప్ దాన్ని భుజాన వేసుకు చూసి, తన జట్టు మొత్తానికీ కావాలన్నాడు. అన్నీ ఇంతే తేలిగ్గా ఉండాలన్నాడు. ఉంటాయని మెర్లిన్ మాటిచ్చింది. ఈ ఆర్డరు నిలబడితే మళ్లీ కంపెనీ గడప తొక్కక్కర్లేదని ఆమె ఆశ.

అయితే మన ఊళ్లో మనిషి ఏది కొన్నా ముందు చేత్తో ఎత్తి చూస్తాడు. పక్క టీకొట్టు సత్తిబాబు ఆ బ్యాగును రెండు వేళ్లతో ఎత్తి, "ఏటి మణీ, మీ మెర్లిన్ గుంట కుట్టిందా? సేతిలో ఉన్నట్టే నేదు. నాలుగ్రోజులు ఆగుద్దేటి ఇది?" అన్నాడు. టీ తాగేవాళ్లంతా నవ్వారు.

మణికి తల కొట్టేసినట్టయింది. బ్యాగులన్నీ పూర్తయ్యాక మెర్లిన్ జ్వరంతో ఇంట్లో పడుకుంది. ఆ రోజే అతను ఒక్కో బ్యాగు అడుగూ విప్పి, ఫ్యాను డబ్బాల అట్టలు కోసి లోపల పెట్టి, పైన రెక్సిన్ వేసి కుట్టేశాడు. మూట తనే కట్టి బస్సులో వేశాడు. తన పిల్ల పనికి ఎవడూ వంక పెట్టకూడదనే తప్ప అతని మనసులో ఇంకేమీ లేదు. ప్రేమ ఉన్నచోట బుద్ధి కూడా ఉండాలన్న రూలేమీ లేదుగా మరి.

కొండ మీద వాన పట్టుకుంది. అట్టలు నీళ్లు తాగి ఉబ్బిపోయాయి. దిలీప్ ఒక బ్యాగు తిప్పి పంపాడు. మెర్లిన్ దుకాణంలోనే బ్లేడుతో దాని అడుగు కోసింది. నానిపోయిన అట్ట ముద్దలు ముద్దలుగా చేతికొచ్చింది.

"ఇదేటి నాన్నా?"

"అట్టమ్మా. నానే ఎట్టేను. గట్టిగా ఉంటాదని."

మెర్లిన్ అక్కడే నిలబడి దిలీప్‌కి ఫోన్ చేసింది. "పొరపాటు నాదేనండి. అట్ట నేనే పెట్టేను" అంది. పక్కనే ఉన్న మణి ఒక్క మాట అంటే సరిపోయేది. ఇన్నేళ్లూ కాపాడుకున్న పేరు పోతుందని ఆ మాట అనలేకపోయాడు. అట్ట పెట్టినందుకు కన్నా, ఆ వేళ నోరు మూసుకున్నందుకే అతను ఇప్పటికీ కుమిలిపోతాడు. దిలీప్ మర్యాదగానే మాట్లాడాడు, మళ్లీ ఆర్డరివ్వలేదు. మెర్లిన్ కంపెనీకి వెళ్లిపోయింది.

విచిత్రం ఏమిటంటే, మణి అలాగే అట్ట పెట్టి కుడుతున్న బ్యాగు ఊళ్లో బాగా పోతోంది. సత్తిబాబే ఒకటి కొన్నాడు. కూతురిని క్షమించమని అడగడం చేతకాక, మణి ప్రతి బ్యాగు మీదా ఎర్రక్షరాలతో మెర్లిన్ అని అచ్చు వేయించాడు.

ఆదివారం మెర్లిన్ చర్చి నుంచి దుకాణానికి వచ్చింది. ఎవరో రైతు బ్యాగు ఎత్తి చూసి, "బరువుంది, పర్లేదు" అని కొనుక్కుపోయాడు. అతను వెళ్లేదాకా ఆమె ఆగింది.

"దిలీప్ బాబుకి నిజం సెప్పేస్తానమ్మా, ఫోన్ కలుపు" అన్నాడు మణి.

"ఇప్పుడెందుకు నాన్నా? నువ్వు కుట్టుకో, అమ్ముకో. నా పేరు మాత్రం తీసెయ్. ఇది నా బ్యాగు కాదు."