వెళ్ళొస్తామన్నాం

శాండ్రింగ్‌హామ్ కొట్లలో దొరికే కరివేపాకుకి వాసన ఉండదు. ఆకారం మాత్రం ఉంటుంది, రిటైరైన ఆఫీసరులాగా. న్యూజీలాండ్‌లో నా కష్టాల్లో అదే పెద్దదని 2006 దాకా అనుకున్నాను.

దెయ్యాల మీద నమ్మకం లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. భయపడాల్సిందంతా సెమిస్టర్ పరీక్షలకే భయపడిపోయాను.

ఆ ఏడు ఈస్టర్ సెలవుల్లో నేనూ, మా ఆవిడ సునీతా ఉత్తరాన కౌరీ అనే మహావృక్షాల అడవి చూడటానికి వెళ్ళాం. సునీత మనురేవాలో నర్సు. ఆస్తమా ఉంది. ఇన్‌హేలర్ కారులో మరిచిపోయింది. పావుగంట నడకే కదా అని ధైర్యం చెప్పింది నేనే.

గైడ్ ఆ ప్రాంతపు మూలవాసి, మావోరీ పెద్దావిడ. లోపలికి వెళ్ళేముందు అడవిని అనుమతి అడుగుతూ వాళ్ళ భాషలో ప్రార్థన చేసింది. వెయ్యేళ్ళు దాటిన కౌరీ చెట్టుని చూపించి, తిరిగి బయల్దేరేటప్పుడు అడవి దగ్గర మీ భాషలో సెలవు తీసుకోండి అంది. ఇద్దరం అలవాటు కొద్దీ "వెళ్ళొస్తాం" అన్నాం.

తిరుగు దారి ఒకటే చెక్కల బాట. చీలికలు లేవు. తప్పిపోయే సదుపాయమే లేదు. విరిగిన కంచె పలక ఉన్న మలుపు దాటాం. కాసేపటికి మళ్ళీ అదే పలక. మూడోసారి గైడ్ ఆగిపోయింది. ఆవిడ పుట్టి పెరిగిన అడవి అది. నా వాచీలో నలభై నిమిషాలు గడిచాయి. సునీత గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి.

పైన టూయీ పిట్ట కూసింది. టూయీలు మనుషుల మాటల్ని అనుకరిస్తాయని తెలుసు. ఇది "వస్తాం" అంది. ముందు నా గొంతుతో. తర్వాత సునీత గొంతుతో.

"అడవికి ఏం చెప్పారు మీరు?" అంది గైడ్.

"వెళ్ళి మళ్ళీ వస్తామని."

"వస్తారా?"

"లేదు. మర్యాదకి అంటాం."

"మీ మర్యాద దానికేం తెలుసు? మాట వెనక్కి తీసుకో."

సునీత నా చెయ్యి పట్టుకుంది. "అలా... అనకూడదండీ." ఆ రెండు మాటల మధ్య ఊపిరి కోసం ఎంత వెతుక్కుందో నేను చూశాను.

చెట్ల వైపు తిరిగి, "పోతున్నాను. ఇక రాను" అన్నాను. ఇంట్లో ఆ మాట అంటే అమ్మ నోటి మీద కొట్టేది.

తర్వాతి మలుపులో కారు.

బాట ఎక్కడైనా గుండ్రంగా తిరుగుతుందేమోనని తర్వాత మ్యాపు తెప్పించి చూశాను. తిరగదు. ఇన్నేళ్ళైనా నాకు అంతుపట్టలేదు.

ఆ రోజు కారెక్కగానే సునీత రెండుసార్లు ఇన్‌హేలర్ పీల్చింది. ఊపిరి కుదురుకున్నాక, కిటికీలోంచి అడవిని చూస్తూ అంది:

"రానన్నది మీరు. నేను అనలేదుగా."