మోడెం మీద అమ్మ కుట్టిన తొడుగు

మా చిన్నప్పుడు... ఆదివారం భోజనాలవగానే అప్ప కంప్యూటర్ ముందు కూర్చునేది. మావ మేడెక్కి టెలిఫోన్ తీగ పక్కన కాపలా కాసేవాడు. నేను మెట్ల మధ్యలో నిలబడేవాణ్ణి. నాన్న కొట్టు మూసొచ్చి మోడెం పక్కనే కుర్చీ వేసుకునేవారు. ఆడేది అప్ప ఒక్కర్తే... యుద్ధం మాత్రం ఇంటిల్లిపాదిదీ.

అప్పంటే మా అక్క, మావంటే అమ్మ తమ్ముడు. మాది రాజాం. నాన్నకి ఎరువుల కొట్టుండేది. ఇంటర్ చదివేటప్పుడు అప్ప పోరి పోరి ఇంటర్నెట్ పెట్టించుకుంది. ఒక వెబ్‌సైట్‌లో ఎక్కడెక్కడి వాళ్ళతోనో చదరంగం ఆడేది. బాగా ఆడేది కూడా. కానీ ఆట మంచి పట్టులో ఉండగా మోడెం మీద ఆకుపచ్చ దీపం ఆరిపోయేది... అంతే, తెర మీద పావులన్నీ ఎక్కడివక్కడే.

మన లైను పోయిందంటే ఆ సైటు వింటుందా? కాసేపట్లో తిరిగి రాకపోతే పేరు పక్కన ‘ఆట వదిలి పారిపోయారు’ అని గుర్తు వేసేది. అప్ప పేరు పక్కన అలాంటి గుర్తులు బోలెడు పోగయ్యాయి. ఇంకొక్కటి పడితే ఖాతా మూసేస్తామని హెచ్చరిక కూడా వచ్చింది.

“ఓడిపోతే ఓడిపోనాను. పారిపోనానని రాస్తాడేటి!” అని అప్ప కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

మేం చెయ్యని వైద్యం లేదు. సైటులో సహాయం పేజీ తెరిస్తే ‘ముందుగా మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి’ అని ఉండేది. అది సరిగ్గా లేకే కదా నీ దగ్గరికొచ్చింది! ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న...

“ఆపి మళ్ళీ ఆన్ చేశారా?”

“సేసేం బాబూ.”

“అయితే ఇంకోసారి చేసి చూడండి.”

ఆ మాట ఇప్పటికీ ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

విచిత్రమేంటంటే... కాసేపు తంటాలు పడితే, ఆట గడువు దాటాకైనా, ప్రతిసారీ వచ్చేసేది. వచ్చాక మొదలయ్యేది అసలు గొడవ.

“సూసేవా బావా, తీగని ఒక్క గుంజు గుంజితే ఎలా ఒచ్చేసిందో!”

“నీ మొకం. నేను ప్లగ్గు ఊడదీసి పెట్టబట్టి ఒచ్చింది.”

వాళ్ళు తేల్చుకునేలోగా అమ్మ వచ్చి, మోడెం మీద తొడుగు జాగ్రత్తగా కప్పేసి వెళ్ళేది. మా ఇంట్లో తొడుగు లేని యంత్రం లేదు. టీవీకి, మిక్సీకి, కుట్టుమిషనుకి, ఆఖరికి ఫోనుకి కూడా... అన్నీ అమ్మ చేత్తో కుట్టినవే. మోడెం తొడుగు మీద రెండు చిలకలుండేవి. “దుమ్ము పడితే పాడైపోతాది” అనేది. ఎవరం కాదంటాం? వీధిలో అందరిళ్ళల్లోనూ అంతే కదా...

ఒక ఆదివారం అప్ప ఆఖరి పోటీదాకా వచ్చింది. అమ్మకి చదరంగం తెలీదు, కానీ కూతురు పెద్ద ఆట ఆడుతోందని తెలుసు. అందుకని పాత తొడుగు తీసేసి, లోపల దుప్పటి ముక్క పెట్టి, మందంగా కొత్తది కుట్టి తొడిగింది.

ఆట సగంలో దీపం ఆరిపోయింది.

“ఒచ్చిందేటి?” మేడ మీంచి మావ.

“ఒచ్చిందేటి?” మెట్ల మీంచి నేను.

“రానేదు!” లోపల్నుంచి అప్ప.

“రానేదు!” పైకి నేను.

నాన్న ఆ రోజు ప్లగ్గు జోలికి పోలేదు. ముందు గదిలో ఫోన్ పట్టుకుని ఫిర్యాదు ఆఫీసువాళ్ళతో పోట్లాడుతున్నారు. అప్ప తెర మీద తరిగిపోతున్న గడువు చూస్తూ, “నాన్నా, బేగి రా! పారిపోనానని రాసేస్తాడు!” అని ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని వంటింట్లోంచి అమ్మే పరిగెత్తుకొచ్చి తొడుగు లాగి, మోడెం చేతిలోకి తీసుకుంది.

“ఓలమ్మ! పెనంలాగ కాలిపోతంది ఇది!”

నాన్న ఫోన్ పెట్టేసి వచ్చారు. “ఎప్పుడూ ఇలాగే కాల్తాదేటి?”

“నాకేటి తెల్సు? రోజూ మీరే కదా తొడుగు తీసి పక్కన పడేస్తారు. మీ తంటాలయ్యి, అది సల్లారినాక కదా నేను కప్పేది!”

ఇన్నాళ్ళూ తీగ గుంజడం, ప్లగ్గు పీకడం, నా కేకలు... అవేవీ కాదన్నమాట. మేం తంటాలు పడే సేపట్లో పాపం ఆ పెట్టెకి కాస్త గాలి తగిలేది.

నాన్న ప్లగ్గు పీకారు. అమ్మ విసనకర్ర తెచ్చి, ఎండనపడి వచ్చిన చుట్టానికి విసిరినట్టు మోడెంకి విసిరింది. మళ్ళీ ప్లగ్గు పెట్టారు. దీపం వెలిగింది... ఆరింది... వెలిగి నిలబడింది.

“ఒచ్చింది!”

గడువు ఇంకా కొంచెం మిగిలి ఉంది. అప్ప కంగారుగా ఎత్తులు వేసింది. ఏనుగు పోయింది, వెనకాలే మంత్రి పోయాడు, చివరికి రాజు చిక్కుకుపోయాడు.

కుర్చీలోంచి లేచి అమ్మని వాటేసుకుంది. “ఓడిపోనానమ్మా! ఆడి ఓడిపోనాను!”

ఓటమికి అంత సంబరపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అమ్మ మాత్రం తొడుగు మడతపెడుతూ, “ఇన్నాల్లూ నా గుడ్డేనేటి దీని పీక నొక్కింది...” అంది చిన్నబుచ్చుకుని.

“దుమ్ము మాత్రం ఒక్క రవ్వ పడనేదు, ఒప్పుకోవాల!” అన్నాడు మేడ దిగొచ్చిన మావ. ఆ తొడుగు తిన్నగా వెళ్ళి మావ మొహానికి తగిలింది.

ఇప్పుడు మా ఇంట్లో వైఫై పెట్టె గోడకి వేలాడుతోంది. తొడుగు లేదు. దుమ్ము బాగానే ఉంది. అది కూడా ఆగుతుంది, ఆగకేం... కానీ మా అమ్మాయి ఎవరినీ పిలవదు. తలుపు వేసుకుని, ఫోన్ డేటా పెట్టుకుని ఆట కొనసాగిస్తుంది. “ఏమైందమ్మా?” అంటే “ఏం లేదు నాన్నా” అంటుంది.

నాకు మాటలు తక్కువని అందరూ అంటారు. నా వాటా కేకలన్నీ ఆ మెట్ల మీదే అయిపోయాయేమో. ఇంకోసారి “ఒచ్చిందేటి?” అని అరవాలనుంటుంది... అరిస్తే లోపల్నుంచి బదులిచ్చేవాళ్ళు లేరు.

మీ ఇళ్ళల్లో వేటికి తొడుగులుండేవి? మీరు మేడ మీద ఉండేవారా, మెట్ల మీదా?