తోలు తీసే రోజు

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు నేను చచ్చిపోయిన పిల్ల పేరుతో బతికాను. ఈ మాట చెబితే కథలల్లుతున్నాననుకుంటారు. ఉద్యోగమంతా ప్రయోగశాలలో గడిపినదాన్ని, కథలల్లడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది ఆత్మకూరు. నాయన లారీ డ్రైవరు. ఇల్లు విడిచి పోతే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. అమ్మ కామెర్లతో పోయాక నన్ను చూసుకునే దిక్కు లేక, నాయన నన్ను మా పెద్దమ్మ ఇంట్లో దిగబెట్టాడు. పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. వాళ్లది ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో ఒక మెట్ట ఊరు. కాస్త సేద్యం, ఒక గొర్రెల మంద. పెద్దమ్మకు ఉన్న ఒక్కగానొక్క కూతురు అంతకుముందు వానల్లో జ్వరం వచ్చి పోయింది. నా ఈడుదే. ఇక్కడ తల్లి లేని పిల్ల, అక్కడ పిల్ల లేని తల్లి, ఇద్దర్నీ ఒకచోట చేరిస్తే సరిపోతుందని పెద్దవాళ్లు అనుకున్నారు. పెద్దవాళ్లకు ఇతరుల బతుకులు సర్దడం చాలా తేలిక.

ఆ ఇంట్లో పెత్తనమంతా అవ్వది, అంటే మా పెదనాయన తల్లిది. నేను పోయిన రోజే ఆమె నా బట్టల మూట అటక మీద పెట్టించింది. ట్రంకుపెట్టెలోంచి ఆ పిల్ల పచ్చ పావడా, జాకెట్టు తీసి నాకు తొడిగింది. ఆ పిల్ల పేరుతోనే నన్ను పిలవడం మొదలుపెట్టింది. "నిన్ను ఇట్టా చూస్తా ఉంటే మా కోడలి కడుపుమంట చల్లారతాది" అనేది. ఆ పేరు పెట్టి పిలిస్తే నేను పలికేదాన్ని కాదు. అప్పుడు గడ్డం పట్టుకుని నా మొహం తనవైపు తిప్పుకునేది. ఆ బట్టలు కలరా ఉండల వాసన కొట్టేవి. పావడా కాళ్లకు అడ్డంపడేది.

పెద్దమ్మ మాత్రం నా మొహం చూసేది కాదు. అన్నం కంచం నా ముందు పెట్టి పెరట్లోకి పోయేది. నేను పెరట్లోకి పోతే ఇంట్లోకి వచ్చేది. నా తల దువ్వింది లేదు, నన్ను తిట్టింది కూడా లేదు. తిట్టినా బాగుండేదని నాకు అనిపించేది. పెద్దమ్మకు నా మీద మనసు పడకపోతే నన్ను హాస్టల్లో వేసేస్తారని ఇంట్లో అనుకోవడం ఒకసారి విన్నాను. హాస్టలంటే ఏమిటో తెలియదు గానీ, అక్కడ నాకు ఎవరూ ఉండరని మాత్రం అర్థమైంది. ఇక్కడ ఉండలేను, ఇక్కణ్ణించి పంపేస్తే బతకలేను. చెప్పుకోవడానికి అమ్మ లేదు, నాయన ఏ రోడ్డు మీద ఉన్నాడో తెలియదు.

ఒక రోజు ధైర్యం చేసి ఉదయగిరి బస్సెక్కి మూల సీట్లో నక్కి కూర్చున్నాను. కండక్టరు నన్ను పోల్చలేదు, నా పావడాను పోల్చాడు. "నువ్వు ఫలానా వాళ్ల పాపవి గదా!" అని ఆ పిల్ల పేరు చెప్పి, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు నాలిక కరుచుకున్నాడు. చెయ్యి పట్టి కిందికి దించాడు. బస్సు పోయాక చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డాను. ఆ బట్టలు ఒంటి మీద ఉన్నంతకాలం నేను ఎక్కడికీ పోలేనని ఏడుపు తన్నుకొచ్చింది.

ఆ రోజుల్లోనే మందలో ఒక గొర్రె చచ్చిన పిల్లను ఈనింది. ఇంకో గొర్రె బతికిన పిల్లను ఈని తను చచ్చిపోయింది. మా పెదనాయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తల్లి లేని పిల్లను తెచ్చి, పిల్ల పోయిన గొర్రె దగ్గర వదిలాడు. అది ఒకసారి వాసన చూసి, తలతో కుమ్మి, పిల్లను దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంప దాకా విసిరేసింది. ఎన్నిసార్లు వదిలితే అన్నిసార్లూ అదే. అప్పుడాయన చచ్చిన పిల్ల తోలు ఒలిచి, కాళ్లకు కంతలు పెట్టి, బతికిన పిల్లకు చొక్కా తొడిగినట్టు తొడిగాడు. గొర్రెను గుంజకు పొట్టిగా కట్టేశాడు. ఈసారి అది తోక కింద వాసన చూసి ఊరుకుంది. పిల్ల పొదుగు అందుకుంది.

నేను చూడలేకపోయాను. "తీసెయ్ పెదనాయనా! అది దానిది కాదు, తీసెయ్" అని కేకలు పెట్టాను. ఆయన నావైపు చూశాడు. నేల మీద ఈడుస్తున్న నా పావడా అంచు చూశాడు. తర్వాత కూర్చుని నాకు నెమ్మదిగా చెప్పాడు.

"ఇప్పుడే తీస్తే తల్లి కుమ్మి చంపేస్తాది. తియ్యకుండా ఉంచితే తోలు కుళ్లి పిల్ల చస్తాది. ఈ తల్లి పాలు తాగతా ఉంటే పిల్ల వాసనే మారతాది పాపా. తోలు తీసే రోజు ఒకటి ఉండాది. దానికి కాసుకోని ఉండాల."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే నేను దొడ్డిలోనే ఉండేదాన్ని. తోలు బిరుసెక్కి వాసన వేస్తుండేది. ఆయన రోజూ కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ, తల్లి ఏం చేస్తుందో గమనించేవాడు. చివరికి ఒక రోజు మిగిలిన ముక్క లాగేసి, తల్లి మెడతాడు కూడా విప్పేశాడు. తల్లి పిల్లను తల నుంచి తోక దాకా వాసన చూసి బుస్సుమంది. నా ప్రాణం పోయినంత పనైంది. పిల్ల అదేమీ పట్టనట్టు పొట్ట కిందికి దూరింది. తల్లి కదలకుండా నిలబడింది.

ఆ మధ్యాహ్నమే పెదనాయన నిచ్చెన వేసుకుని అటక మీది నా మూట దించాడు. "ఏందిరా ఇది? ఇప్పుడిప్పుడే అలవాటు పడతా ఉంటే!" అని అవ్వ గయ్యిమంది. "పడలేదమ్మా. ఇద్దురూ పడలేదు" అన్నాడు ఆయన. నేను నా పసుప్పచ్చ గౌను తొడుక్కుని వసారాలోకి వచ్చాను. పెద్దమ్మ చేటలో కందులు చెరుగుతోంది. తలెత్తి నన్ను చూసింది. చేట అక్కడే పెట్టి లోపలికి పోయి తలుపేసుకుంది. "చూసినావా? ఇంక హాస్టలే గతి" అంది అవ్వ.

దొడ్డి గోడ పక్కన చతికిలబడ్డాను. గొర్రెపిల్లకు రోజు చూసి తీశాడు, నాకు తొందరపడి తీశాడని పెదనాయన మీద కోపం వచ్చింది. ఆ పావడా మళ్లీ తొడుక్కుంటానని పోయి అడగాలా అని కూడా ఆలోచించాను. అంత అసహ్యించుకున్న బట్టలను నేనే అడుక్కోబోయిన సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా పెద్దమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. వంగి, నా గౌను చంక దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంది.

"ఇదెవురు కుట్టినారు?"

"మా అమ్మ."

కుట్టు తిరగేసి చూసింది. "దానికి కుట్టు ఎప్పుడూ వంకరే. ఎంత నేర్పినా రాలేదు" అంది. ఆ మాట అంటూనే నేల మీద కూలబడి, నా గౌను మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. కూతురు పోయిన దుఃఖంలో చెల్లెలి కోసం ఏడవడానికి ఆమెకు వీలు చిక్కలేదు. మా అమ్మ కోసం ఒకరు అలా ఏడుస్తుంటే నాకూ ఏడవొచ్చనిపించింది. ఇద్దరం కలిసి ఏడ్చాం. తర్వాత ఆమె ముక్కు చీది, "ఇట్టా కూచో, జడేస్తా" అంది. మొదటిసారి నా పేరు పెట్టి పిలిచింది.

ఆ ఇంట్లో ఇరుక్కుపోయింది నేనొక్కదాన్నే కాదని చాలాకాలానికి గానీ నాకు తట్టలేదు. కూతురి బట్టల్లో పరాయి పిల్లను రోజూ కళ్ల ముందు తిప్పుతుంటే, ఆమె కూడా గుంజకు కట్టేసిన గొర్రె లాగే ఉండి ఉంటుంది. గొర్రెపిల్లను తల్లి దగ్గరికి చేర్చింది వేరే పిల్ల తోలు. నన్ను చేర్చింది మాత్రం మా అమ్మ వంకర కుట్టు.

పెద్దమ్మే నన్ను చదివించింది. ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెడితే ఒళ్లు దాన్ని ఎందుకు కొన్నిసార్లు ఒప్పుకుంటుంది, ఎందుకు తోసేస్తుంది అన్నదే నా ఉద్యోగమైంది. కణాల మీద ఉండే చిన్న చిన్న గుర్తుల్ని బట్టి ఒళ్లు తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో పోల్చుకుంటుందనీ, తోబుట్టువుల మధ్య ఆ గుర్తులు కలిసే అవకాశం ఎక్కువనీ మొదటిసారి చదివినప్పుడు నాకు కనిపించింది పుస్తకంలోని బొమ్మ కాదు, చంక దగ్గరి కుట్టు. మా పెదనాయనకు ఇదంతా ముందే తెలుసని నేను అనను. ఆయనకు గొర్రెలు తెలుసు, అంతే.

కిడ్నీ మార్పించుకున్నవాళ్లు ఒంటి కాపలాను, అంటే రోగాల్ని ఎదిరించే శక్తిని, అణచిపెట్టే మాత్రలు మింగుతూనే ఉండాలి. మానేస్తే ఒళ్లు కిడ్నీని తోసేస్తుంది. మోతాదు మించితే చిన్న జబ్బు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. "ఈ మాత్రలు ఎప్పుడు ఆపొచ్చు మేడం?" అని అడిగినవాళ్ల కళ్లలో బస్సు పోయాక రోడ్డు మీద నిలబడ్డ పిల్ల నాకు కనబడేది. తోలు తీసే రోజు ఎప్పుడో చెప్పే గుర్తు కోసం నా ఉద్యోగమంతా వెతికాను. కొందరిలో కొంత దొరికింది. అందరికీ పనికొచ్చేది దొరక్కుండానే రిటైరయ్యాను. ఆ వెలితి నన్ను వదలదు.

ఇంకొకటి కూడా చూశాను. ఏళ్ల తరబడి నిలిచిన మార్పిళ్లలో, ఇచ్చినవాళ్ల కణాలు కొన్ని పుచ్చుకున్నవాళ్ల ఒంట్లో కలిసిపోయి తిరుగుతూ కనిపిస్తాయి.

చివరి రోజుల్లో పెద్దమ్మకు మతిమరుపు వచ్చింది. ఒక సాయంత్రం నన్ను చూసి కూతురి పేరుతో పిలిచింది. ఒక్క క్షణం కలరా ఉండల వాసన గుప్పుమంది. తర్వాత "ఏందమ్మా?" అన్నాను. అప్పటిదాకా ఆమెను పెద్దమ్మా అనే గానీ అమ్మా అని పిలిచి ఎరగను. "ఇట్టా కూచో, జడేస్తా" అంది. నెరిసి పలచబడిన జుట్టు విప్పుకుని ఆమె ముందు కూర్చున్నాను.

ఇప్పుడు ఆమె లేదు. ఆ పేరు నా దగ్గరే ఉండిపోయింది. బజారులో ఎవరైనా ఎవరినో ఆ పేరు పెట్టి పిలిస్తే, వెనక్కి తిరిగి చూసేది నేనే.