ఊరికంతటికీ ఒక్క కప్ప

ఆ ఏడు తొలి వానకే వేరుశనగ విత్తించింది నేనే. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. వనపర్తి దగ్గర మా చెలక, వాన మీదే ఆధారపడ్డ మెట్టచేను. "ఇంకో వాన చూద్దామమ్మా" అని కొడుకు మొత్తుకున్నాడు. విత్తనం ఇంట్లో ఉంటే ఎలుకల పాలని నేను వినలేదు. మొలకలు వచ్చాయి. వాన మళ్లీ మొహం చూపలేదు.

ఇరవై రోజులకు ఆడవాళ్లు కప్పతల్లి ఆడదామన్నారు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. కప్ప అరిస్తే వాన. ఒకప్పుడు తొలకరికి కుంటలో కప్పల గోలకు పక్కమనిషి మాట వినపడేది కాదు. కప్పను వెతికే పనే లేదు, తొక్కకుండా నడిస్తే చాలు.

ఆ ఏడు కుంట నెర్రెలు విచ్చింది. రెండు రోజులు వెతికారు. బావిలో లేదు, వాగులో లేదు. చివరికి రోకలితో మా ఇంటికే వచ్చారు. గిన్నెలు తోమిన నీళ్లను నేను పారబోయను, సొరపాదుకు మళ్లిస్తాను. తోమే బండ కింద ఎప్పుడూ తడే. అక్కడ కూర్చుని ఉంది కప్ప, బాగా బలిసి.

"ఊరంత పరేషానైతుంటే నువ్వు ఇంట్ల దాసుకున్నవా అక్కా?" అంది పక్కింటామె.

"నేనేంది దాసేది? మీ ఇండ్లల్ల తడి లేదు, ఇటొచ్చింది."

"జర ఇయ్యి. వాన తెస్తది."

"గంత తెలివే ఉంటే నా ఎంగిలి నీళ్లల్ల ఎందుకు బతుకుతది?"

"గట్లనకు, కండ్లు పోతయ్!"

"పోనీ. ఆ చెలకను చూసే బాధన్న తప్పుతది."

ఎవరూ నవ్వలేదు. కప్పకు కాళ్లున్నాయి, తడి వెతుక్కుంటూ వచ్చింది. నా మొలకలకు లేవు. తీసుకుపొమ్మన్నాను.

నీళ్లు లేని ఊళ్లో అందరూ చెంబెడు చెంబెడే పోశారు. కప్ప నోరు విప్పలేదు. బదులిచ్చే ఇంకో కప్ప లేకపోతే ఎవరికని అరుస్తుంది? "నీ ఎంగిలి నీళ్లకు దాని గొంతు పోయినట్టుంది" అని పక్కింటామె నన్నే తిట్టింది. మా గడప ముందుకు వచ్చేసరికి, చుక్క వృథా చేస్తే కోడలి మీద అరిచే నేను నిండు బిందె ఎత్తి పోశాను. అది కళ్లు మూసుకుని హాయిగా తడిసింది. అంతే.

వారం చూశాను. తర్వాత, వాడిన మొలకలను మేయనీ అని, మేకలను నేనే తోలుకెళ్లి చెలకలో విడిచాను. కొడుకు గట్టు మీద నిలబడ్డాడు.

"నువ్వు చెప్పినవు, నేనే ఇనలే" అన్నాను.

"పోనీ తీయమ్మా. వాన పడ్తె ఉలవలు సల్లుదాం."

"ఒక్కటి కాదు, రెండు పడినంక."